ఎండలో పెట్టిన ఇప్పనూనె

మొన్నటి చలికి సీసాలో ఇప్పనూనె గడ్డకట్టింది. నా మోకాలికి రాద్దామని మా చిన్నకోడలు పద్మ దాన్ని గరిటెతో తోడి, చిన్న మూకుట్లో వేసి, పొయ్యి మీద పెట్టింది. నేను వసారాలో మంచం మీద ఉన్నాను. ముందు పచ్చివాసన వచ్చింది. తరువాత నూనె కాగుతున్న వాసన, ముక్కుపుటాల్లో చేదుగా తగిలే ఆ వాసన వచ్చింది. ఆ తరువాత నేనేం చేశానో నాకే తెలియదు. మోకాలి నొప్పి మరిచిపోయి వంటింట్లోకి పరిగెత్తి, ‘‘దించు! ముందు దించెయ్యి!’’ అని అరిచానట. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు, ఆ పిల్ల బిత్తరపోయి మూకుడు కింద పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. ‘‘నూనె వెచ్చబెడితే తప్పేముంది మావయ్యా?’’ అంది, ఏడుపు ఆపుకుంటూ. ‘‘మనింట్లో నూనె ఎండలోనే పెడతాం,’’ అన్నాను. ‘‘నాలుగు రోజుల నుంచి మబ్బేగా, ఎండ ఎక్కడుంది?’’ అంది.

ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది. చెప్పే ధైర్యం లేదు. నేను పిరికివాణ్ణని మొదట్లోనే ఒప్పుకుంటే చదివేవాళ్ళకూ నాకూ కూడా సుఖం. కూనవరం చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా నడుములు పట్టేసినవాళ్ళకూ, భుజాలు జారినవాళ్ళకూ, మెడలు తిరగనివాళ్ళకూ ఒళ్ళు పడుతున్నాను. ‘‘వీరయ్యది మంచి చెయ్యి,’’ అంటారు జనం. ఆ చెయ్యి ఎవరిచ్చిందో, ఎలా ఇచ్చిందో నా భార్యకు కూడా సగమే చెప్పాను. ఆవిడ పోయింది కూడా. ఇంకా దాచుకుని ఎక్కడికి పట్టుకుపోతాను? కన్నవ్వ గురించి చెప్పాలి.

అప్పటికి బస్తరు ఇంకా రాజుగారి రాజ్యమే. మాది శబరి గోదావరిలో కలిసే చోటు. మా వాళ్ళందరిదీ తెప్పల పని. కిష్టారం వైపు అడవుల్లో కొట్టిన టేకు దుంగలను దున్నపోతులతో శబరి ఒడ్డుకు లాగించి, మునిగిపోకుండా మధ్య మధ్య వెదురు కట్టలు పెట్టి తెప్పలు కట్టి, నదిలో కిందికి నడుపుకు రావడం. వానలు వెనకబట్టాక మొదలయ్యే పని. నాకు ఇరవయ్యేడేళ్ళు. ఒకరోజు కట్టు తెగి ఒడ్డు మీది దుంగ ఒకటి దొర్లి నా నడుముకు తగిలింది. పడ్డాను. లేవబోతే ఎడమకాలు నాది కాదు. గిల్లితే తెలుస్తోంది, ఎత్తుదామంటే రావడం లేదు. నదిలో నీళ్ళు తీస్తున్నాయి, తెప్ప ఆగదు. మా మేస్త్రీ నన్ను ఒడ్డు మీది పల్లెలో దించేసి, వచ్చే తెప్పకు తీసుకుపోతామని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పల్లె పేరు రాయను. అక్కడ ఇంకా వాళ్ళ పిల్లలూ మనవలూ ఉన్నారు.

ఆ ఊరి పటేలు లచ్చయ్య మంచివాడు. ఆ మాట ఇక్కడే చెప్పాలి, తరువాత చెబితే నమ్మరు. ముక్కూమొహం తెలియనివాణ్ణి, తన ఇంటి చావిట్లో మంచం వేయించాడు, అంబలి పోయించాడు. నేను మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చేవాణ్ణి. కాలు రాకపోతే తెప్ప ఎక్కలేను. తెప్ప ఎక్కని మగవాణ్ణి మా ఊళ్ళో ఎవరు లెక్కచేస్తారు? మూడో రోజు లచ్చయ్య ఒక ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పొట్టి మనిషి. తల నెరిసింది, నడుం మాత్రం నిటారుగా ఉంది. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు పెద్దవి, వెడల్పు అరచేతులు. ‘‘కన్నవ్వ. ఈ అడవి దొర్లోళ్ళ మనిషి. మా ఊరి ఒళ్ళన్నీ ఈమె సేతుల్లనే బాగైనయ్,’’ అన్నాడు లచ్చయ్య.

ఒళ్ళు పట్టేవాళ్ళంటే మా వైపు నాకు తెలుసు. మీదెక్కి తొక్కుతారు, కీళ్ళు విరుస్తారు, అరిస్తే నలుగురిని పిలిచి పట్టుకోమంటారు. నేను మంచం పట్టె పట్టుకుని బిగుసుకుపోయాను. ఆమె నవ్వింది. ‘‘ఏందిరా తెప్పోడా, నేనేమన్న పులినా? కాలే గద పట్టుకునేది, పీక గాదు గద!’’ అంది. ఆ రోజు ఆమె చేసిందల్లా నా మంచం చివర కూర్చుని, బాగున్న కుడిపాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం. నొక్కలేదు, రుద్దలేదు. మర్నాడు కూడా అంతే. ‘‘నొప్పి ఆ కాలిది కాదవ్వా,’’ అన్నాను ఉండబట్టలేక. ‘‘నాకెరికే. నొప్పి ఆడున్నది. భయం ఒళ్ళంత ఉన్నది. నొప్పి సెయ్యి పెడితే కదుల్తది బిడ్డా, భయం సెయ్యి పెడితే బిగుస్తది. ముందు అది దిగాలె,’’ అంది.

ఆమె వచ్చిన మూడో రోజు పని మొదలుపెట్టింది. ఆమె పని తీరు గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఈ కథంతా దాని మీదే నడిచింది. ముందుగా అరచేతి వెనకవైపు రెండు కాళ్ళకూ పైనుంచి కిందిదాకా ఆనించి చూసేది, ఏది వెచ్చగా ఉంది, ఏది చల్లగా ఉంది అని. వెచ్చగా ఉన్న వాపు మీద చస్తే చెయ్యి వేసేది కాదు. అప్పుడు ఎండలో పెట్టిన ఇప్పనూనె అరచేతిలో వేసుకునేది. ఆ తరువాత నా చెయ్యి తీసుకుని తన చేతి మీద పెట్టుకునేది. ‘‘నా సేతి మీద నీ సెయ్యి ఉండాలె. సాలనిపిస్తే నొక్కు, ఆపుత. ఇంక కావాలంటే ఊకె ఉంచు, పోత. ఎంతదాక పోవాలెనో నేను సెప్ప. నొప్పి నీది, నువ్వే సెప్పాలె,’’ అనేది. నమ్మకం లేక మొదటిసారి ఆమె ఇంకా ఏమీ చేయకముందే నొక్కాను. ఆపేసింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆపేసింది. కోపం లేదు, విసుగు లేదు. నాలుగోసారికి నాకే సిగ్గేసి ఊరుకున్నాను. ఆ రోజు నడుం కింద ఎక్కడో ఒక ముడి సడలింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

ఈ విద్య ఎవరు నేర్పారని అడిగాను ఒకసారి. రాజుగారి అధికార్లు క్యాంపుకు వచ్చినప్పుడల్లా వాళ్ళ సామాను కావళ్ళు ఊరి మగవాళ్ళే మోయాలి, బేగారీ. కూలి లేని మోత. ‘‘నా మొగడు మోస్క పోయేటోడు. భుజాలు కాయలు కాసేటియి, మెడ తిరిగేది కాదు. నేనే పట్టేదాన్ని. ఓసారి చింతలనార్ దిక్కు కావడి మోస్క పోయినోడు తిరిగి రాలె,’’ అంది. తరువాత కావడి మోసి వచ్చిన మిగతా వాళ్ళకు పట్టడం మొదలుపెట్టిందట. ‘‘ఏ ఒంటిని పట్టినా ఆ మెడ ఉన్నదా అని సూస్త,’’ అని, అంతలోనే నా పిక్క మీద ఒకటి చరిచి, ‘‘కదిలియ్యి కాలు, కతలు సాలు,’’ అంది.

నెల గడిచేసరికి నన్ను నదికి నడిపించింది. మొదట మధ్యాహ్నపు ఇసుకలో కాలు మొలదాకా పూడ్చి కూర్చోబెట్టేది. తరువాత మోకాలి లోతు నీళ్ళలో ఏటికి ఎదురు నడవమనేది. నేను నీళ్ళ మనిషినే, అయినా ఆ కాలితో నీళ్ళలో నిలబడితే పై ప్రాణాలు పైనే పోయేవి. ఆమె గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ నా వైపు చూసేది కాదు. ‘‘పడిపోతే?’’ అని అరిచేవాణ్ణి. ‘‘పడితె లెవ్వు. నీళ్ళే గద, నిప్పులా ఏంది!’’ అనేది. కాలు వచ్చింది. కుంటు తగ్గలేదు కానీ వచ్చింది. నా నోట్లోంచి వచ్చే కృతజ్ఞతలు ఆమెకు పట్టేవి కావు. ‘‘నాకెందుకు దండాలు, ఆ సేతులు ఊకె ఉంచుకోకు, నేర్సుకో,’’ అని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఊళ్ళో వాళ్ళ భుజాలూ నడుములూ నా చేతికిచ్చింది. ‘‘బొటనవేలితోటి నొక్కకు, అరసెయ్యి వాడు,’’ అని రోజుకు పదిసార్లు తిట్టేది. నాకేమో బొటనవేళ్ళలో బలం ఎక్కువ, అలవాటు పోయేది కాదు. కానీ జనం మెచ్చుకోసాగారు. ‘‘అవ్వ సెయ్యే వచ్చింది తెప్పోనికి,’’ అన్నారు. ఆ మాట నా తలకెక్కింది.

లచ్చయ్య తమ్ముడు సోమయ్య అంతకు నెల క్రితమే తాటిచెట్టు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కన్నవ్వే వెదురు బద్దలు కట్టింది. ఎముక కుదురుకుంటోంది అనుకుంటుండగా ఆ కాలి పిక్క వాచింది. ఒక్క కాలే. ఆమె చేతి వెనకవైపు ఆనించి చూసి, వెంటనే తీసేసింది. ‘‘ఇది మండుతున్నది. సెయ్యి పెట్టను. ఎవ్వరినీ పెట్టనియ్యొద్దు. కదిలియ్యకుండ మంచం మీదనే కోంటకు మోస్క పోయి దవఖాన్ల సూపియ్యండి,’’ అంది. లచ్చయ్య బతిమాలాడు, కసిరాడు. ఆమె కదల్లేదు. పోనీ కోంటకు తీసుకుపోతారా అంటే, అడవిదారిలో ఆ మంచం మోసుకుపోవడానికీ భయం, దవఖానా అంటేనూ భయం. రేపు, ఎల్లుండి అంటూ రోజులు దొర్లించారు. కన్నవ్వ వేర్లకోసం తర్రెం వైపు అడవికి పోయింది. రెండు రోజులకు గానీ రానంది.

ఆమె వెళ్ళిన మధ్యాహ్నం లచ్చయ్య నా దగ్గరికొచ్చాడు. ‘‘తమ్ముడు నొప్పికి ఒర్రుతున్నడు వీరయ్యా. నువ్వు జెర సూడు. అవ్వ ముసలిదైంది, సెయ్యి వెడితె పేరు పోతదని భయపడ్డది. నీ సెయ్యి గట్టిది,’’ అన్నాడు. నాకు అన్నం పెట్టిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు. అదొక్కటే కాదు. ఆమె చేయనంటే నేను చేసి చూపిస్తానన్న పొగరు కూడా లోపల ఉంది. అది రాయకపోతే ఇదంతా రాసి దండగ. సోమయ్య కాలు ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నిజంగానే వెచ్చగా ఉంది, నాకు తెలిసింది. సోమయ్య, ఊళ్ళో అందరిలాగే అలవాటుకొద్దీ, తన చెయ్యి చాపి నా చేతి మీద పెట్టబోయాడు. ‘‘అక్కర్లేదులే, నేను చూసుకుంటాగా,’’ అని ఆ చేతిని పక్కకు తీసి మంచం మీద పెట్టాను. నూనె వేసి పిక్కను కిందినుంచి పైకి నొక్కాను. బొటనవేళ్ళతోనే. అతను పళ్ళు బిగించాడు, తరువాత ‘‘హాయిగున్నది అన్నా,’’ అన్నాడు. లచ్చయ్య మొహం వెలిగింది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి సోమయ్య లేచి కూర్చుని మంచినీళ్ళు అడుగుతున్నాడు. లోటా నోటి దగ్గర పెట్టుకున్నవాడు ఒక్కసారిగా రొమ్ము పట్టుకున్నాడు. గాలి కోసం నోరు తెరిచాడు. నేనూ లచ్చయ్యా చూస్తుండగానే కళ్ళు తేలేశాడు.

చాలా ఏళ్ళ తరువాత భద్రాచలంలో ఒక డాక్టరుగారిని, ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. కదలకుండా పడుకున్నవాళ్ళ కాల్లో రక్తం గడ్డకట్టొచ్చు, దాన్ని నలిపితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు అన్నారు. ‘‘అలాగే జరిగిందని ఖాయంగా చెప్పలేం,’’ అని కూడా అన్నారు. ఆ రెండో మాట పట్టుకుని నిద్రపోదామని చూశాను. కుదరలేదు.

ఏడుపుల మధ్య లచ్చయ్య నా వైపు ఒకసారి చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం ఏమీ అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం లేకపోయింది. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం, అందులో ఒకడు పోయాడు. మర్నాడు కబురందుకుని కన్నవ్వ వచ్చి, శవానికి పసుపూ నూనే పూసే ఆడవాళ్ళతో కూర్చుని, తన చేతులతో సోమయ్యకు నూనె రాసింది. కాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉండిపోయింది. లేచి నా పక్కనుంచే వెళ్ళింది.

మూడో రోజుకు ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. అందరికీ పట్టే ముసల్ది సోమయ్యకెందుకు పట్టనంది? పట్టనని చెప్పి ఊరొదిలి అడవికెందుకు పోయింది? ఏం వేర్లు తెచ్చింది? అడవిలో ఎవరితో మాట్లాడింది? ఆమె పట్టని కాలున్నవాడు చచ్చాడంటే ఆమే తిన్నట్టు కాదా? నిన్నటిదాకా ఆమె చేతుల కింద మూలిగినవాళ్ళే ఇప్పుడు ఆమె ఎదురైతే పిల్లల్ని ఇంట్లోకి లాక్కుంటున్నారు. వాళ్ళను తిట్టలేను. వాళ్ళూ భయంతోనే ఉన్నారు, నాలాగే. ఊరి పూజారిని వడ్డె అంటారు. అతను పెద్దల్ని కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. కాగే నూనెలో ఇనుప కడియం వేస్తారు. కన్నవ్వ దాన్ని చేత్తో తీయాలి. చెయ్యి కాలకపోతే ఆమె మంచిది. కాలితే మంత్రగత్తె, కొట్టి తరిమేస్తారు. ఇలాంటివి చేయకూడదని పైనుంచి ఆర్డరు ఉంది, పోలీసు థానాకు తెలిస్తే ఊరంతటినీ కట్టేస్తారు. అందుకని మర్నాడు పొద్దున్నే, నది ఒడ్డున, తొందరగా ముగించేద్దామన్నారు. లచ్చయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ‘‘నువ్వేమంటవ్ పటేలా?’’ అని వడ్డె అడిగితే, ‘‘అందరెట్లంటె అట్ల,’’ అన్నాడు.

నేను అక్కడే, స్తంభం పక్కనే ఉన్నాను. ‘నొక్కింది నేను’ అన్న మాట గొంతులోకి వచ్చి ఆగింది. పరాయి ఊరివాణ్ణి. పటేలు తమ్ముణ్ణి చంపాడంటే నన్ను ముక్కలు చేసి శబరిలో కలిపేసినా అడిగేవాడు లేడు. పరిగెత్తుదామంటే కుంటికాలు. కన్నవ్వను చూశాను. ఆమె మధ్యలో కూర్చుని తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, వాటి వైపే చూసుకుంటోంది.

మర్నాడు తెల్లవారేసరికి, ఇన్నాళ్ళకు, మా తెప్ప వచ్చింది. దేవుడు నా పిరికితనాన్ని పరీక్షించడానికే పంపాడనుకుంటాను. ‘‘ఒరే వీరయ్యా, బతికే ఉన్నావురా! ఎక్కెక్కు, నీళ్ళు పోతున్నాయి,’’ అని మేస్త్రీ కేకేశాడు. ఎక్కాను. అవును, ఎక్కాను. వెదురు కట్టల మీద కూర్చున్నాను, గడ వేశారు, తెప్ప కదిలింది. వంపు దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే ఒడ్డు మీద మంట కనిపించింది. మూడు రాళ్ళ మీద కుండ, చుట్టూ జనం. గాలి మా వైపు తిరిగింది. కాగుతున్న ఇప్పనూనె వాసన వచ్చింది. ఇన్ని నెలలు ఆ నూనె నా ఒంటికి ఎండ వేడి మీదే తగిలింది. దాన్ని మరగబెడితే అలాంటి వాసన వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. నేను నీళ్ళలోకి దూకేశాను. మేస్త్రీ బూతులు తిడుతున్నాడు. మొల లోతు, తరువాత మోకాలి లోతు. ఏటికి ఎదురు నడిచాను. ఆమె నేర్పిన నడకే. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. ‘‘ఆగండి, ఆగండి,’’ అని అరుస్తూనే ఉన్నాను. నీటి హోరులో ఎవరికీ వినిపించలేదు.

నేను గట్టు ఎక్కేసరికి కన్నవ్వ ఎడమచెయ్యి మణికట్టు దాకా నూనెలోంచి బయటికొస్తోంది. వేళ్ళ మధ్య కడియం ఉంది. కుడిచెయ్యి పెట్టమంటే ‘‘ఏ సెయ్యని కుండకు తెలుస్తదా?’’ అని ఎడమదే పెట్టిందట. ఆమె అరవలేదు. కడియం ఇసుకలో పడేసి కూలబడింది. ‘‘కాలింది! కాలింది!’’ అని జనం కేకలు. ఎవరో కొమ్మ ఎత్తారు. నేను ఆమె మీద అడ్డంగా పడ్డాను. ‘‘సోమయ్య కాలు నొక్కింది నేను! ఆమె వద్దంది, నేను నొక్కాను! వెచ్చగా ఉందని తెలిసీ నొక్కాను!’’ అన్నాను. కొమ్మ ఎత్తినవాడు నా వైపు తిరిగాడు. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు లచ్చయ్య వచ్చి నాకూ అతనికీ మధ్య కూలబడ్డాడు. ‘‘నేనే నొక్కమన్న. నా తమ్ముణ్ణి నేనే సంపుకున్న,’’ అని ఇసుకలో తల బాదుకున్నాడు. వడ్డె కాసేపు నిలబడి, కుండ కింది కట్టెలు లాగేశాడు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నన్నెవరూ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. కొడితే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

మేస్త్రీ తెప్పతో వెళ్ళిపోయాడు, నేను ఉండిపోయాను. పుండ్లు మానేసరికి చాలా రోజులు పట్టింది. మానాక ఆ చెయ్యి కొంకర్లు పోయింది, పిడికిలి విడలేదు. దాన్ని విడదీయడానికి ఆ ఊళ్ళో మిగిలిన చేతులు నావే. రోజూ నూనె ఎండలో పెట్టి, ఆమె ఎదుట కూర్చునేవాణ్ణి. ఆ కాలిన చర్మం దాకా పోయి నా చేతులు వెనక్కి వచ్చేవి. ఆమె తన కుడిచెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టేది. నేను ఆపబోయినప్పుడల్లా ఆ చెయ్యి కదలకుండా అలాగే ఉండేది, ఇంకా పో అన్నట్టు. నొప్పికి ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి, చెయ్యి మాత్రం నొక్కేది కాదు. అలా మూడు వేళ్ళు తెరుచుకున్నాయి. రెండు తెరుచుకోలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. ‘‘నీకు ముందే తెలుసా అవ్వా?’’ అని.

‘‘శవానికి నూనె రాసేటప్పుడే సూసిన. పిక్క మీద రెండు బొటనేళ్ళ గుర్తులు. ఎన్నిసార్లు తిట్టిన నిన్ను?’’ అంది.

‘‘మరి చెప్పలేదేం? చెబితే నీ చెయ్యి మిగిలేది కదా!’’

‘‘నేను సెప్తె నిన్ను ముంచేటోళ్ళు. అదొకటి. ఇంకోటి, నొప్పి ఎంతదాకనో నేను సెప్పనని నీకు మొదటి రోజే సెప్పిన. నువ్వే సెప్పాలె. నీ కోసమే ఎదురుసూసిన,’’ అంది. తరువాత, ‘‘ఇంత ఆలస్యమైతదనుకోలే,’’ అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను భయపడినట్టు ఆ కాగే నూనెకు కూడా భయపడలేదు.

ఇదంతా నిన్న సాయంత్రం పద్మకు చెప్పాను. మా అబ్బాయిలకు చెప్పనిది, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు. ఆ పిల్ల ఇక నా చేతుల కింద రేపు తనకు పుట్టే పసివాడి మెడ కూడా పెట్టనివ్వదేమోనని భయం వేసింది. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ మబ్బు విడిచింది. పొద్దున్నే చూస్తే నూనె సీసా పెరటి గోడ మీద ఎండలో ఉంది. మధ్యాహ్నానికి కరిగింది. పద్మ వచ్చి మంచం పక్కన కింద కూర్చుని, చేతి వెనకవైపు నా రెండు మోకాళ్ళకూ ఆనించి చూసింది. అరచేతిలో నూనె వేసుకుంది. నా చెయ్యి తీసుకుని తన చేతి మీద పెట్టుకుంది.

‘‘ఎక్కడ ఆపాలో మీరే చెప్పాలి మావయ్యా,’’ అంది.

నొప్పిగానే ఉంది. చాలాసేపటిదాకా నేను నొక్కలేదు.